పరాయి చేతి కత్తెర

"నా బట్ట నాకిచ్చెయ్యి" అంటూ కిమ్ గారు చెయ్యి చాపిన దగ్గర పోయిన వారం ఆగాం. బుధవారం పొద్దున్న పది గంటలు. ఆ చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళదాం.

ఏలూరు పిల్ల వసుమతి, భర్త దామోదర్ వెంట అమెరికా వచ్చి రెండేళ్ళు దాటింది. అతనికి సన్నీవేల్‌లో ఓ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో టెక్నీషియన్ ఉద్యోగం. అద్దె తక్కువని శాన్ హోసేలో తూర్పు వైపు అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. "సిక్స్ మంత్స్ ఎలాగోలా అడ్జస్ట్ అవు వసూ, తర్వాత షిఫ్ట్ అయిపోదాం" అన్నాడు. తీరా దిగి చూస్తే ఆ చుట్టుపక్కల వీధులన్నీ వియత్నాం వాళ్ళవే. బోర్డులు వాళ్ళ భాషలో, పాటలు వాళ్ళ భాషలో, గొడవలు వాళ్ళ భాషలో. యుద్ధంలో సైగాన్ పడిపోయాక పడవల మీదా విమానాల మీదా వచ్చినవాళ్ళు అక్కడ ఓ ఊరు కట్టుకున్నారు. అమెరికాలో ఉన్నానని వసుమతి ఇంటికి ఉత్తరాలు రాసేది గానీ, ఆమె కాపురం పెట్టింది నిజానికి ఓ వియత్నాం ఊళ్ళో. ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే పరాయిది.

మొదటి రోజు మెట్ల మీద ఎదురైన ముసలాయన చేతులు కట్టుకుని, నవ్వుతూ "చావ్" అన్నాడు. వసుమతి గుండె ఝల్లుమంది. అది వాళ్ళ నమస్కారమని తెలియడానికి వారం పట్టింది. ఎదురింటావిడని "అక్కా" అని పిలవాలంటే "చీ" అనాలని తెలిసినప్పుడు ఆ మాట నోట్లోంచి రావడానికి ఇంకో వారం పట్టింది. వాళ్ళ చేపల పులుసు వాసనకి ఈవిడ కిటికీలు తీసేది, ఈవిడ ఇంగువ తిరగమోతకి వాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. కానీ సందు చివరి మార్కెట్లో బచ్చలికూర దొరికింది, కాకరకాయలు దొరికాయి, లేత ఆనపకాయ గోరుతో గిచ్చి చూసుకోనిచ్చారు. అన్నిటికన్నా వాళ్ళ మాటతీరు ఆమెకి నచ్చింది. ఎవరినీ ఒట్టిగా 'నువ్వు' అనరు. అక్కో, చెల్లో, పిన్నో, నాయనమ్మో, వరస కలిపితేగానీ వాక్యం మొదలవదు. అది మనకి కొత్తా?

అలా వరస కలిసిన మనిషి లాన్. ఈస్ట్ శాంటా క్లారా వీధిలో ఆమెది బట్టలు కుట్టే దుకాణం. ఏలూరులో మేనత్త నాగమణి దగ్గర పదేళ్ళు రవికలు కుట్టిన వసుమతి అక్కడ అంచులు మడిచే పనిలో చేరి, పద్నాలుగు నెలల్లో కత్తెర దాకా వచ్చింది. ఈ సంగతి దామోదర్ స్నేహితులెవరికీ చెప్పలేదు. "ఫ్యాషన్ డిజైనింగ్ కోర్స్ చేస్తోంది" అని చెప్పాడు. వాళ్ళలో ఒకరైన కృష్ణమూర్తి గారింట్లో భోజనాల దగ్గర ఆ మాట చెవిన పడ్డప్పుడు వసుమతి అవునన్నట్టు తలూపింది.

ఇక మొన్న ఆదివారం లాన్ తడిమెట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. శనివారం కిమ్ గారి మనవరాలు మాయ్ పెళ్ళి. పెళ్ళికూతురి ఆవ్ యాయ్ ఇంకా కత్తిరించనే లేదు. ఆవ్ యాయ్ అంటే వాళ్ళ ఆడవాళ్ళ పొడుగు దుస్తు. మెడ చుట్టూ నిలబడే కాలరు, నడుం దాకా ఒంటికి అంటుకుని, అక్కడి నుంచి ముందొక రెక్క, వెనకొక రెక్కగా విడిపోయి పాదాల మీద పడుతుంది. దానికి అంగుళంలో పావు వంతు తేడా వచ్చినా దాగదు.

ఇదీ సంగతి. ఇప్పుడు చాపిన ఆ చేతి దగ్గరికి వద్దాం. ఆ చేతికి ఎదురుగా బల్ల మీద, బట్ట పెట్టి ముడి వేసిన సంచీ ఉంది.

"బా, తెత్ పండుగ రెండు వారాల్లో పడింది" అంది లాన్, కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. బా అంటే పెద్దావిడని పిలిచే పిలుపు, తెత్ అంటే వాళ్ళ సంవత్సరాది. "ఈ ఊళ్ళో ఏ దర్జీ ఇప్పుడు కొత్త పని ముట్టుకోదు. నా చెయ్యి చూస్తూనే ఉన్నారు. వాసు కత్తిరిస్తుంది. పక్కనే నేను కూర్చుంటాను."

"వాసు ఎవరు?"

కిమ్ గారికి తెలియక కాదు. మెళ్ళో టేపు వేసుకుని వసుమతి మూడడుగుల దూరంలోనే ఉంది. అరవై రెండేళ్ళ మనిషి, బొద్దింక రంగు కోటు, నిటారుగా నిలబెట్టిన వెన్ను. సైగాన్‌లో ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిందని లాన్ ముందే చెప్పింది. చెప్పకపోయినా తెలిసిపోతుంది. ఆవిడ చూపు పడగానే వసుమతి తనకి తెలియకుండానే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఈ బట్ట సంగతి నీకు చెప్పాను లాన్. మళ్ళీ చెబుతాను. ఆ ఆన్ దో మనిషి కూడా విననీ."

ఆన్ దో అంటే ఇండియా. పిలుపు లేదు, వరస లేదు. దేశం పేరు పెట్టి పక్కకి నెట్టింది.

"మాయ్‌కి పదేళ్ళున్నప్పుడు నా కోడలు తూ కొన్న పట్టు ఇది. కూతురి పెళ్ళికని కొంది. డెబ్భై ఎనిమిదిలో మాయ్‌ని తీసుకుని నేను పడవెక్కాను. తూ రాలేదు. నా కొడుకు కొత్త ప్రభుత్వం వాళ్ళ ఖైదు క్యాంపులో ఉన్నాడు, వాణ్ణి వదిలి రానంది. తన చేత్తో ఈ బట్ట నా నడుముకి చుట్టి, పైన చొక్కా తొడిగి పంపింది. పదకొండు రోజులు సముద్రం మీద. బంగారం లాక్కున్నారు, వాచీ లాక్కున్నారు. ఇది మాత్రం ఎవరి కంటా పడలేదు. రెండేళ్ళకి తూ పోయిందని ఉత్తరం వచ్చింది." కిమ్ గారి గొంతు ఎక్కడా వణకలేదు. పాఠం చెప్పినట్టే చెప్పింది. "ఇందులో ఓ ముక్క పాడైతే మళ్ళీ తేవడానికి ఏ కొట్టూ లేదు. దీన్ని పరాయి చేతి కత్తెర కింద పెట్టమంటావా?"

ఆవిడ వెనక తలుపు దగ్గర నిలబడ్డ మాయ్ తల దించుకుంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, సన్నగా, కాలేజీ స్వెట్టరు వేసుకుని ఉంది. "నాయనమ్మా, చాల్లే" అని మెల్లిగా అంది. ఎవరూ వినిపించుకోలేదు.

వసుమతికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ సంచీ వంక చూసేసరికి కోపం నిలవలేదు. పదకొండు రోజులు నడుముకి కట్టుకుని తెచ్చుకున్నది ముక్కూ మొహం తెలియని దాని చేతిలో తనైతే పెట్టేదా? పెట్టదు. ఆవిడ అడగాల్సిందే అడుగుతోంది. దానికి బతిమాలడం జవాబు కాదు, అలిగి వెళ్ళిపోవడమూ జవాబు కాదు.

ఆమె ముందుకొచ్చింది. 'బా' అన్నప్పుడు గొంతు కిందికి దించాలి. దించకపోతే అది 'నాన్నా' అవుతుంది. మొదటి ఏడాది ఎంతమంది ముసలమ్మల్ని నాన్నా అని పిలిచిందో లెక్కలేదు. ఇవాళ దించింది.

"బా, బట్ట మీ దగ్గరే ఉంచుకోండి. నాకు మాయ్‌ని రెండు గంటలు ఇవ్వండి, చాలు."

కిమ్ గారు తల తిప్పి ఆమెని మొదటిసారి పూర్తిగా చూసింది.

"ఏం చేస్తావు?"

"వేరే బట్టలో ముందు కుట్టి మాయ్‌కి తొడుగుతాను. మీరు చూడండి. తప్పుంటే సంచీ తీసుకుని వెళ్ళిపోండి. నేనేమీ అనుకోను."

"వేరే బట్ట అంటే? పాత దుప్పటా? దుప్పటి పట్టులా పడదు."

ఆ మాట నిజమే. దుకాణంలో మిగిలిన ముక్కలన్నీ బిరుసువి. వసుమతి ఒక్క క్షణం చుట్టూ చూసి, లోపలి గదిలోకి వెళ్ళి, కొక్కేనికి తగిలించిన తన సంచీలోంచి మడత పెట్టిన నేతచీర తెచ్చింది. వెంకటగిరి చీర, పసుప్పచ్చ, నలిగి నలిగి వెన్నలా అయింది. సాయంత్రం గుడికని తెచ్చుకుంది. అత్తయ్య నాగమణి ఏలూరు స్టేషన్లో రైలెక్కే ముందు చేతిలో పెట్టిన చీర.

"వాసూ, అది వద్దు" అంది లాన్ గాభరాగా. ఆ చీర కథ ఆమెకి తెలుసు.

"ఇదే సరిగ్గా పడుతుంది అక్కా" అంది వసుమతి.

మాయ్‌ని అద్దం ముందు నిలబెట్టి పద్నాలుగు కొలతలూ తీసింది. మెడ, భుజం, చంక, రొమ్ము పైనా కిందా, నడుం, తుంటి, చేతి పొడుగు. లాన్ పుస్తకంలో పాత కొలతలున్నా అవి చూడలేదు. తీస్తున్నంతసేపూ కిమ్ గారి చూపు వీపుకి తగులుతూనే ఉంది. తర్వాత చీరని బల్ల మీద పరిచి సుద్దతో గీతలు గీసింది. కత్తెర తీసింది.

చీర మీద మొదటి కోత పడ్డప్పుడు లాన్ కళ్ళు మూసుకుంది. వసుమతి మూసుకోలేదు. రవికైనా ఆవ్ యాయ్ అయినా మనిషి ఒళ్ళు ఒకటే. చంక దగ్గర ఎక్కడ లోతు తియ్యాలో, రొమ్ము దగ్గర ఎక్కడ వదలాలో అత్తయ్య వెయ్యి రవికల మీద నేర్పింది. మెడ నుంచి చంకలోకి ఏటవాలుగా దిగే కుట్టు లాన్ నేర్పింది. రెండూ ఆమె చేతిలో ఎప్పుడో కలిసిపోయాయి, ఏది ఎక్కడ మొదలైందో ఇప్పుడు విడదీసి చెప్పలేదు. కచ్చాకుట్లు వేసి, మిషను మీద పొడుగు కుట్లు లాగింది. మధ్యలో లాన్ ఒంటిచేత్తో డబ్బాపాలు వేసిన కాఫీ కలిపి కిమ్ గారికి ఇచ్చింది. ఆవిడ తాగలేదు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

పన్నెండు దాటింది. మాయ్ తెర వెనకనుంచి వచ్చి అద్దం ముందు నిలబడింది.

పసుప్పచ్చ నేతచీర ఆవ్ యాయ్ అయి ఆ పిల్ల ఒంటి మీద ఉంది. చీర అంచు కాళ్ళ దగ్గర రెక్క కింద సన్నగా మెరిసింది. కాలరు మెడని పట్టుకుంది, నొక్కలేదు. మాయ్ తన్ను తాను చూసుకుని వెన్ను నిటారు చేసింది. అచ్చం నాయనమ్మ నిలబడినట్టే.

కిమ్ గారు చుట్టూ తిరిగింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి వీపు వెనక ఆగింది.

"ఇదేమిటి?"

కుడి భుజం కింద, వీపు మీద వేలెడు ముడత. చూస్తేగానీ కనపడదు. ఆవిడ చూసింది.

"ఇదీ నీ కోత" అంది, సంచీ కోసం చెయ్యి చాపుతూ.

వసుమతి వెళ్ళి కుడి భుజం దగ్గర బట్టని అరవేలు పైకి లాగి గుండుసూది పెట్టింది. ముడత పోయింది. నీళ్ళ మీద గీత చెరిగినట్టు పోయింది.

"కోత తప్పు కాదు బా. మాయ్‌కి కుడి భుజం అరవేలు దిగింది."

"నాలుగు నెలల కింద లాన్ కొలిచినప్పుడు దిగలేదే? ఎందుకు దిగింది?"

అద్దంలో మాయ్ కళ్ళు పెద్దవయ్యాయి. ఎందుకు దిగిందో వసుమతికి తెలుసు. కొలతలు తీస్తుంటే చూసింది. ఆ పిల్ల వేళ్ళ మీద నువ్వుగింజలంత గోధుమరంగు మచ్చలు. అలాంటివే తన చూపుడు వేలి మీదా రెండున్నాయి. వచ్చిన కొత్తలో మూణ్ణెల్లు తను కూడా అసెంబ్లీ లైన్‌లో కూర్చుంది. గంటల తరబడి ఒక పక్కకి వంగి, చిన్న చిన్న తీగల మీద సీసం కరిగించే పని. కాలేజీ అయ్యాక లైబ్రరీకి వెళ్తున్నానని మాయ్ నాయనమ్మకి చెబుతోందని లాన్ ఓసారి అంది. వెళ్తున్నది లైబ్రరీకి కాదన్నమాట.

చెబితే తన కోత గెలుస్తుంది. ఆ పిల్ల ఓడిపోతుంది.

"పుస్తకాల సంచీ బా" అంది వసుమతి. "మోసి మోసి దిగింది. కాలేజీ పిల్లలందరికీ ఇంతే."

కిమ్ గారు ఆమె మొహంలోకి సూటిగా చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

"నేను ముప్ఫై ఏళ్ళు బడిలో ఉన్నాను. సంచీ మోసే పిల్ల, అది జారిపోకుండా ఆ భుజం ఎత్తి పట్టుకుంటుంది. సంచీ భుజాన్ని ఎత్తుతుంది, దించదు."

మాయ్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. "నాయనమ్మా, నేను చెబుదామనే... సాయంత్రాలు మాత్రమే. నీ కళ్ళ ఆపరేషన్ కోసం. నువ్వు హెడ్‌మిస్ట్రెస్‌వి, నీ మనవరాలు ఫ్యాక్టరీలో అంటే..."

"అంటే ఏమవుతుంది?" కిమ్ గారు వెళ్ళి ఆ చేతులు రెండూ మొహం మీంచి తీసింది. వేళ్ళు విప్పి మచ్చలు ఒక్కొక్కటే చూసింది. "నాకు ఆర్నెల్ల నుంచీ తెలుసు. నీ స్వెట్టరు ఉతికేది నేను. ఆ పొగవాసన లైబ్రరీలో ఉండదు. నువ్వే చెబుతావని చూశాను. చేతులు కాల్చుకుని పని చేసుకుంటే దాచుకోవాల్సిందేముంది? దాచుకోవడానికి అదేమన్నా దొంగతనమా?"

ఆ మాట మనవరాలికి చెప్పింది. తగిలింది వసుమతికి. ఫ్యాషన్ డిజైనింగ్ కోర్స్. పద్నాలుగు నెలలుగా ఆమె కూడా ఆ అబద్ధానికి తలూపుతూనే వచ్చింది, దామోదర్ చిన్నబోతాడని. ఇక ఊపదు. వచ్చే ఆదివారం కృష్ణమూర్తి గారింటికి వెళ్తే ఆమే చెబుతుంది: నేను దర్జీని, ఈస్ట్ శాంటా క్లారా వీధిలో పెళ్ళి బట్టలు కోస్తాను అని. ఆ నిర్ణయం ఆమె లోపల చాలా మామూలుగా జరిగిపోయింది, వేడి అన్నంలో ఉప్పు కలిసినట్టు.

కిమ్ గారు ఇటు తిరిగింది. ఈసారి కూర్చుంది. చల్లారిపోయిన కాఫీ రెండు గుక్కలు తాగింది.

"అబద్ధం ఆడటం నీకు రాదు" అంది. "కానీ నా పిల్లని నీ పనితనం కింద తొక్కెయ్యలేదు. ఆ చీర ఎవరిది?"

"మా మేనత్తది బా. నాకు పని నేర్పింది ఆవిడే."

"ఆవిడ ఉందా?"

"ఉంది. ఏలూరులో."

"అయితే ఉత్తరం రాయి. నీ చీర సైగాన్ పిల్ల ఒంటి మీదకి ఎక్కిందని రాయి. అంచు కూడా పాడుచెయ్యకుండా కోశానని, ఒక బడిపంతులమ్మ చూసి ఒప్పుకుందని రాయి." సంచీ ఒళ్ళోకి తీసుకుని ముడి విప్పింది. "ఇలా రా, కోన్."

కోన్. బిడ్డా. కన్నబిడ్డనీ, కడుపున పుట్టినంత ముద్దొచ్చినవాళ్ళనీ పిలిచే పిలుపు. లాన్ ఉండబట్టలేక ఒంటిచేత్తో బల్ల మీద చరిచింది. "నా శిష్యురాలు!" అంది ఎవరికో చెప్పినట్టు గోడకేసి చూసి, కళ్ళు తుడుచుకుంది. వసుమతికి ఏడుపు రాలేదు. పదేళ్ళ రవికలు, పద్నాలుగు నెలల అంచులు, అన్నీ కలిసి వెన్నులోకి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది.

పట్టు బల్ల మీద పరుచుకుంది. దానిమ్మగింజ ఎరుపు. ఒక చివర మూరెడు మేర ఉప్పునీళ్ళ మరక, తెల్లటి ఒడ్డులా గీతలు కట్టి ఉంది. నడుముకి పైచుట్టు అదే అయ్యుంటుంది. మరక వదిలేస్తే బట్ట చాలదు. లాన్ పెదవి కొరికింది. వసుమతి అటు తిరిగి ఇటు తిరిగి చూసింది. దుస్తు చేతుల గీతలని తలకిందులుగా రెండు రెక్కల మధ్య పెట్టింది. ఎనభై సెంటీమీటర్ల ముక్కలో పొడుగు చేతుల రవిక తీసే అత్తయ్య ఇలాగే పెట్టేది. సరిపోయింది. సరిగ్గా సరిపోయింది.

"బాగుంది" అంది కిమ్ గారు. హెడ్‌మిస్ట్రెస్ నోట ఆ మాట రావడం ఎంత అరుదో మాయ్ మొహం చూస్తే తెలిసింది. పసుప్పచ్చ దుస్తులోనే అద్దం ముందు అటూ ఇటూ నడుస్తూ నవ్వుతోంది ఆ పిల్ల.

ముందు రెక్క కోసింది. వెనక రెక్క కోసింది. చేతులు కోసింది. కత్తెర ఎక్కడా తడబడలేదు. మిగిలింది మరక పడ్డ చివర. దాన్ని విడదీసి ఇస్తే కిమ్ గారు దాచుకుంటారని, ఆ చివర మడతంచు మీదుగా కత్తెర పెట్టింది. పట్టు అంచుకి అంత వెడల్పు మడత ఎందుకు కుట్టారో అనుకుంటూనే నొక్కింది.

మడత తెగలేదు. లోపల ఏదో అడ్డం పడింది. పట్టు కాదు, దారం కాదు. ప్లాస్టిక్ కాయితం నలిగినట్టు చిన్న చప్పుడు.

మరుక్షణం కిమ్ గారి చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. అరవై రెండేళ్ళ వేళ్ళలో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. ఇందాకటి నుంచీ వణకని గొంతు ఇప్పుడు వణికింది.

"అక్కడ ఆపు కోన్. మాయ్‌ని ఏదో వంక పెట్టి బయటికి పంపు."

"ఏముంది బా ఇందులో?"

"తూ కుట్టింది. ఎవరూ విప్పకూడదని నేను ఆరేళ్ళుగా..."

అద్దం ముందు నడక ఆగింది. "నాయనమ్మా, ఏమైంది?" అంటూ మాయ్ బల్ల వైపు వచ్చింది.